తరగతి గది పక్కన మ్యూజియం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విశ్వవిద్యాలయాల ఆధీనంలో ఉన్న పురావస్తు, కళా సంగ్రహాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: ప్రభుత్వ మ్యూజియంలు ఉండగా విశ్వవిద్యాలయాలకు మళ్ళీ విడిగా మ్యూజియంలు ఎందుకు? ఇటువంటి వాటిలో ప్రపంచంలో మొదటిది ఏది?
— బి.ఎ. చరిత్ర విద్యార్థిని, శ్రీకాకుళం

సమాధానం: మీ రెండో ప్రశ్నకు జవాబు చెబితే మొదటి ప్రశ్నకు కూడా సగం జవాబు దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో అమెర్‌బాఖ్ అనే కుటుంబం కూడబెట్టిన చిత్రాలు, నాణేలు, పుస్తకాలు పరాయి దేశానికి అమ్ముడుపోయే పరిస్థితి వచ్చినప్పుడు, 1661లో నగరపాలకులు, విశ్వవిద్యాలయం కలిసి ఆ సంగ్రహం మొత్తాన్ని కొనేశారు. పదేళ్ళ తరువాత దానిని ప్రజలకు చూపడం మొదలుపెట్టారు. కొనుగోలును లెక్కలోకి తీసుకుంటే బాసెల్‌దే ముందు. అయితే మ్యూజియం కోసమని ప్రత్యేకంగా భవనం కట్టి, దాన్ని చదువుతో ముడిపెట్టి, రుసుము చెల్లించిన వారందరికీ తలుపులు తెరిచిన మొదటి విశ్వవిద్యాలయం ఆక్స్‌ఫర్డ్ అని సాధారణంగా అంగీకరిస్తారు. ట్రేడెస్కాంట్ అనే తోటమాలులు, తండ్రీ కొడుకులు, లండన్ శివారులోని తమ ఇంట్లో దేశదేశాల మొక్కలు, గవ్వలు, దుస్తులు, ఆయుధాలు సేకరించారు. ఆ సంగ్రహం ఇలియాస్ ఆష్మోల్ చేతికి వచ్చింది, ఆయన దానిని విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. అలా 1683లో ఆష్మోలియన్ మ్యూజియం తెరుచుకుంది.

ఆ మొదటి భవనం ఎలా కట్టారో గమనించండి. పై అంతస్తులో వస్తువుల ప్రదర్శన, మధ్య అంతస్తులో ఉపన్యాసాల గది, నేలమాళిగలో రసాయనశాల ఉండేవి. మ్యూజియం మొదటి సంరక్షకుడైన రాబర్ట్ ప్లాట్ ఆ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు కూడా. వస్తువును చూడటం, దాని గురించి వినడం, దాన్ని పరీక్షించడం ఒకే కప్పు కింద జరగాలన్న ఆలోచన ఆ గోడల్లోనే ఉంది. 1710లో అక్కడికి వచ్చిన ఒక జర్మన్ పండితుడు, ఆరు పెన్నీలు ఇస్తే ఆడవాళ్ళను కూడా పైకి రానిస్తున్నారనీ, వాళ్ళు వస్తువులన్నీ ముట్టుకుంటున్నారనీ చిరాకుపడుతూ రాసుకున్నాడు. ఆయన చిరాకు ఎలా ఉన్నా, ఆ మ్యూజియం పండితులకే పరిమితం కాలేదని మనకు తెలిసింది ఆయన రాతవల్లనే.

మన దేశంలో విశ్వవిద్యాలయం నెలకొల్పిన మొదటి ప్రజా మ్యూజియంగా కలకత్తా విశ్వవిద్యాలయంలోని ఆశుతోష్ మ్యూజియాన్ని చెబుతారు. అది 1937లో మొదలైంది. బెంగాల్‌లోని బాణ్‌గఢ్, ఆ తరువాత చంద్రకేతుగఢ్ దిబ్బలను ఆ విశ్వవిద్యాలయం వారే తవ్వారు. అక్కడ దొరికిన మట్టిబొమ్మలు, కుండలు ఆ మ్యూజియానికే చేరాయి. కాశీలోని భారత కళాభవన్ కథ వేరు. రాయ్ కృష్ణదాస్ 1920లో దానిని ఒక స్వతంత్ర సంస్థగా ఆరంభించారు, రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి గౌరవాధ్యక్షులుగా ఉన్నారు, 1950లో అది బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భాగమైంది. సూక్ష్మచిత్రాల విషయంలో దేశంలోని అత్యుత్తమ సంగ్రహాలలో అది ఒకటి.

ఇక మీ మొదటి ప్రశ్న. ప్రభుత్వ మ్యూజియం మొదటి బాధ్యత ప్రజలకు చూపించడం. విశ్వవిద్యాలయ మ్యూజియానికి ఆ బాధ్యతతోపాటు, ఒక విద్యార్థి చేతిలో ఆ వస్తువును పెట్టి ప్రశ్నలు అడగనిచ్చే బాధ్యత కూడా ఉంటుంది. శాతవాహనుల నాణెం బొమ్మను పాఠ్యపుస్తకంలో చూసిన విద్యార్థికి, సీసపు నాణేన్ని తూచి, అక్షరాలను భూతద్దంతో తానే చదివిన విద్యార్థికి మధ్య తేడా ఎంతటిదో పాఠం చెప్పిన వారికెవరికైనా తెలుసు.

ప్రశ్న: పిల్లలను ఒక విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ మ్యూజియానికి తీసుకువెళ్ళాను. రెండు మూడు శిల్పాలు తప్ప తక్కినవన్నీ పగిలిన కుండపెంకులు, రాతి ముక్కలు, తుప్పుపట్టిన ఇనుము. లోపల గదిలో ఇటువంటివే ఇంకా పెట్టెలకొద్దీ ఉన్నాయన్నారు. అందం లేని ఈ ముక్కలను ఎందుకు దాచిపెడతారు?
— ఉపాధ్యాయుడు, నల్గొండ

సమాధానం: మాస్టారు గారూ, మీ పిల్లలకు నిరాశ కలగడం సహజమే. ఆ పెంకుల పక్కన అవి ఏమి చెబుతాయో నాలుగు వాక్యాలు రాసిపెట్టకపోవడం ఆ మ్యూజియం నిర్వాహకుల లోపం. అయినా ఆ ముక్కలను పారేయమని మాత్రం అనకండి.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో పీట్రీ మ్యూజియం అని ఒకటి ఉంది. ఈజిప్టు ప్రేమికురాలైన అమీలియా ఎడ్వర్డ్స్ అనే రచయిత్రి 1892లో తన సంగ్రహాన్నీ, ఒక ఆచార్య పదవికి కావలసిన ధనాన్నీ ఆ కాలేజీకి రాసిచ్చి మరణించారు. ఆ పదవిలోకి వచ్చిన ఫ్లిండర్స్ పీట్రీ, ఇతరులు పెద్ద విగ్రహాల వెంట పడుతున్న రోజుల్లో, కుండలు, పూసలు, పనిముట్లు ఏరుకునేవాడు. ఈజిప్టులోని నఖాదా అనే చోట వందలకొద్దీ సమాధులు తవ్వినప్పుడు కాలం చెప్పే శాసనం ఒక్కటీ దొరకలేదు. అప్పుడాయన ఒక రకం కుండల పిడులను వరుసగా పరిశీలించి, మొదట అలల్లా వంపులు తిరిగి స్పష్టంగా ఉన్న పిడి క్రమంగా కుంచించుకుపోతూ చివరకు కుండ మీద ఒట్టి గీతగా మిగిలిందని గుర్తించాడు. ఆ మార్పును పట్టుకుని ఏ సమాధి ముందుదో ఏది తరువాతదో వరుస కట్టాడు. అందం కోసం ఏరుకున్న వారెవరూ ఆ పని చేయగలిగేవారు కారు.

ఆ మ్యూజియంలోనే జరిగిన మరో సంగతి చెబుతాను. కైరోకు దక్షిణాన ఉన్న తార్ఖాన్ శ్మశానంలో 1913లో పీట్రీ తవ్వకాలు చేసినప్పుడు మురికిపట్టిన నారబట్టల కుప్ప ఒకటి దొరికింది. అది లండన్ చేరి, దశాబ్దాలపాటు ఎవరూ విప్పకుండానే ఉండిపోయింది. 1977లో శుభ్రం చేయించడానికి పంపితే, ఆ గుడ్డల మధ్య నుంచి సన్నని కుచ్చులతో కుట్టిన పొడవు చేతుల చొక్కా ఒకటి బయటపడింది. మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలు ఉండటంతో ఎవరో నిజంగా తొడుక్కున్నదేనని తేలింది. 2015లో పిసరంత దారాన్ని కార్బన్ పరీక్షకు పంపితే, అది క్రీస్తుపూర్వం 3482కూ 3102కూ మధ్యదని తెలిసింది. నేసి కుట్టిన వస్త్రాలలో ఇంతవరకు లభించిన అత్యంత ప్రాచీనమైనదిగా దానిని చెబుతున్నారు. పీట్రీ మరణించింది 1942లో, కార్బన్ పరీక్ష కనుగొన్నది ఆ తరువాత. తవ్వినవాడు ఊహించని ప్రశ్నకు, ఆయన కాలంలో లేని పద్ధతి జవాబిచ్చిందంటే, మధ్యలో ఎవరో ఆ మురికి గుడ్డలను పారేయకుండా ఉంచడం వల్లనే.

అయితే ఉంచడం ఒక్కటే చాలదు. ఆ గుడ్డలు తార్ఖాన్‌లో ఏ సమాధి దగ్గరివో రాసి ఉండటం ముఖ్యం. పురావస్తువుకు విలువ తెచ్చేది అది దొరికిన చోటు, దొరికిన పొర. ఇది మన నేల మీది ఉదాహరణతోనే బాగా తెలుస్తుంది. నేటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద సముద్రం దాటి వచ్చి అక్కడ మందపాటి పొరగా పేరుకుంది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యుడు రవి కోరిశెట్టర్, ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా తదితరులు అక్కడ తవ్వి, బూడిద పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించారు. అంతటి ఉత్పాతం తరువాత కూడా ఆ లోయలో మనుషులు బతికారా అన్న ప్రశ్నకు ఆ రాళ్ళు సాక్ష్యం. ఇప్పుడు ఆలోచించండి. ఎవరో ఒకాయన ముచ్చటపడి ఆ రాళ్ళను ముందే ఏరి ఒక సంచిలో కలిపి పోసి ఉంటే, ఏది కిందిదో ఏది పైదో చెప్పేవారెవరు? రాయి అదే రాయి, కానీ అది చెప్పగలిగిన మాట పోయింది.

అందుకే తవ్వకంలో దొరికిన ప్రతి పెంకు మీదా సన్నని సిరా అక్షరాలతో ఊరి సంకేతం, ట్రెంచి (తవ్విన గుంత) సంఖ్య, పొర సంఖ్య రాస్తారు. మళ్ళీ వెళ్ళినప్పుడు పిల్లలను ఆ అక్షరాలు వెతకమనండి. మీ జిల్లాలో రాక్షసగుళ్ళు అని పిలిచే పెద్దరాతి సమాధులు చాలా ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలోనే అటువంటి సమాధులు బయటపడితే ఆ విశ్వవిద్యాలయ ఆచార్యులే తవ్వి పరిశీలించారు. ఆ తుప్పుపట్టిన ఇనుము మన ప్రాంతంలో ఇనుమును ఎప్పటి నుంచి కరిగించారో చెప్పే ఆధారం.

ఒక్క మాట బాధతోనే చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల సంగ్రహాలలో చాలాచోట్ల క్యూరేటర్ (సంగ్రహ సంరక్షకుడు) పదవి ఖాళీగా ఉంటుంది. తవ్విన ఆచార్యులు పదవీ విరమణ చేశాక, వారి నోటు పుస్తకాలు ఇంటికి పోతాయి, పెంకులు పెట్టెల్లో మిగులుతాయి. ఆ రెండూ విడిపోయిన రోజున ఆ తవ్వకం రెండోసారి పూడుకుపోయినట్టే. అద్దాల బీరువాలకు పెట్టే ఖర్చులో కొంత ఆ నోటు పుస్తకాలను, రిజిస్టర్లను భద్రపరచడానికి వెచ్చిస్తే ఎంతో మేలు.

ప్రశ్న: బయటి దేశాలలో చదివే పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇటువంటి మ్యూజియంలను చూడవచ్చా? విద్యార్థులకు మాత్రమేనా?
— గృహిణి, నిజామాబాద్

సమాధానం: చూడవచ్చమ్మా. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్, కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆర్ట్ గ్యాలరీ అందరికీ ఉచితమే. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పెన్ మ్యూజియానికి టికెట్టు ఉంటుంది. అక్కడికి వెళితే మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) గదులు తప్పక చూడండి. ఉర్ నగరపు రాణి పూఆబీ బంగారు ఆకుల శిరోభూషణం ఉన్నది అక్కడే.

ప్రశ్న: మన గుళ్ళ నుంచి పోయిన విగ్రహాలు విదేశీ విశ్వవిద్యాలయాలలో ఉన్నాయని చదివాను. అవన్నీ వెనక్కి ఇవ్వాలి కదా? ఇస్తున్నారా?
— విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

సమాధానం: దొంగిలించి తీసుకుపోయినవి వెనక్కి రావలసిందే. ఇందులో నాకు సందేహం లేదు. ఆక్స్‌ఫర్డ్ విషయమే తీసుకోండి. 16వ శతాబ్దానికి చెందిన తిరుమంగై ఆళ్వారు కంచు విగ్రహం ఒకటి ఆష్మోలియన్ వారు 1967లో లండన్‌లోని సోథెబీస్ వేలంలో కొన్నారు. మన అహోబిల నరసింహుని మీద పాశురాలు పాడిన ఆళ్వారే ఆయన. పాండిచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ ఫోటోల సంగ్రహంలో 1957లో తీసిన ఒక చిత్రం ఉంది. అందులో ఇదే విగ్రహం తమిళనాడులోని తాడిక్కొంబు సౌందరరాజ పెరుమాళ్ కోవెలలో కనిపిస్తోంది. ఒక పరిశోధకుడు ఈ పోలికను బయటపెట్టినప్పుడు మ్యూజియం వారే భారత హైకమిషన్‌కు సంగతి తెలియజేశారు. తిరిగి ఇమ్మని మన ప్రభుత్వం కోరింది, 2024లో విశ్వవిద్యాలయ పాలకమండలి అందుకు అంగీకరించింది. ఆ ఒక్క ఫోటో లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. మీ ఊరి గుడిలోని ఉత్సవ విగ్రహాలకు నాలుగు వైపుల నుంచి ఫోటోలు, కొలతలు ఉన్నాయా? లేకపోతే ఆలయ అధికారులను అడిగి ఇప్పుడే తీయించండి.

ఇతర దేశాల విషయంలోనూ విశ్వవిద్యాలయాలు ముందడుగు వేశాయి. 1897లో ఆంగ్ల సైన్యం నేటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని దోచి తెచ్చిన కంచు శిల్పాలలో, కేంబ్రిడ్జ్‌లోని జీసస్ కాలేజీ ఒక కోడిపుంజు విగ్రహాన్ని, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం ఒక రాజు శిరస్సును 2021 అక్టోబరులో తిరిగి అప్పగించాయి. పెరూలోని ఇంకాల ప్రాచీన స్థలం మాచు పిచ్చు నుంచి అన్వేషకుడు హైరమ్ బింగమ్ తెచ్చిన వస్తువులను యేల్ విశ్వవిద్యాలయం పెరూతో దీర్ఘకాలం తగవు పడిన తరువాత 2011, 2012 సంవత్సరాలలో వెనక్కి పంపింది. అవి చేరింది కుస్కో నగరంలోని విశ్వవిద్యాలయ సంరక్షణలోకే. ఒక విద్యాసంస్థ నుంచి మరొక విద్యాసంస్థకు చేరడం వల్ల వాటి మీద పరిశోధన ఆగలేదు. తిరిగి ఇస్తే చదువు ఆగిపోతుందనే వాదనకు ఇదే తగిన జవాబు.

అయితే విదేశీ మ్యూజియంలో ఉన్న ప్రతి వస్తువూ దొంగసొత్తు అనుకోకూడదు. పైన చెప్పిన ఉర్ తవ్వకాలను 1922 నుంచి 1934 వరకు లియొనార్డ్ వూలీ నాయకత్వంలో పెన్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం కలిసి జరిపాయి. ఆనాటి ఇరాక్ చట్టం ప్రకారం, దొరికిన వాటిలో కొంత భాగం బాగ్దాదు మ్యూజియానికి ఉంచి, తక్కినది ఆ రెండు సంస్థలూ పంచుకున్నాయి. ఆ చట్టం రాసినప్పుడు ఇరాక్ ఆంగ్లేయుల చెప్పుచేతల్లో ఉన్నదన్న సంగతి మరువకూడదు. అయినా ఏ వస్తువు ఏ సమాధిలో ఎక్కడ దొరికిందో వూలీ రాసిపెట్టాడు. కొయ్య పూర్తిగా చివికిపోయిన వీణల విషయంలో, మట్టిలో మిగిలిన బోలు రంధ్రాలలో ప్లాస్టర్ పోసి ఆకారాన్ని నిలబెట్టాడు. ఇది దొంగ చేసే పని కాదు.

అదే పెన్ మ్యూజియం 1966లో ఒక వర్తకుని దగ్గర 24 బంగారు నగలు కొన్నది. నేటి టర్కీలోని ట్రాయ్ నగర ప్రాంతపు పనితనంలా కనిపించాయి గానీ, ఎక్కడ తవ్వారో, ఎవరు తవ్వారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఉర్ సమాధులలోని ఒక్కొక్క పూస గురించి పేజీలకొద్దీ రాయగలిగిన పండితులు ఆ బంగారం గురించి ఊహలు తప్ప ఏమీ చెప్పలేకపోయారు. ఆ అనుభవం వాళ్ళను కలచివేసింది. 1970 ఏప్రిల్ 1న ఆ మ్యూజియం ఒక ప్రకటన చేసింది: పుట్టుపూర్వోత్తరాలు, చేతులు మారిన వివరాలు, చట్టబద్ధంగా దేశం దాటిందన్న ఆధారం లేని ఏ పురావస్తువునూ ఇకపై కొనబోమని. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒడంబడిక వచ్చింది అదే సంవత్సరం నవంబరులో, అంటే దీని తరువాతే. ఆ నగలను 2012లో దీర్ఘకాలపు అరువు పేరుతో టర్కీకి పంపించారు. కొనేవాడు లేకపోతే తవ్వే దొంగ ఉండడు కాబట్టి, ఎన్ని విగ్రహాలు వెనక్కి వచ్చాయన్న లెక్క కంటే ఈ ప్రకటననే నేను పెద్ద మలుపుగా భావిస్తాను.

ప్రశ్న: బోరు పక్కన గుంత తీస్తుంటే నాణేలున్న చిన్న మట్టికుండ దొరికింది. దగ్గరలోని విశ్వవిద్యాలయం మ్యూజియానికి నేరుగా ఇచ్చేయవచ్చా? ప్రభుత్వానికి చెబితే అంతా పోతుందని ఊళ్ళో అంటున్నారు.
— రైతు, నంద్యాల జిల్లా

సమాధానం: మీ ఆలోచన మంచిదే. కానీ ముందుగా చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే, అది ఏమిటో, ఎంత విలువైనదో, ఎక్కడ, ఏ తేదీన దొరికిందో రాసి ఇచ్చి, దాన్ని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా హామీ ఇవ్వాలి. దాచిపెడితే వాటా పోవడమే కాక శిక్ష కూడా పడవచ్చు.

ఊళ్ళో అంటున్నట్టు అంతా పోదు. సొంతదారు ఎవరూ లేరని విచారణలో తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, నాలుగింట మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు నేల యజమానికి అని చట్టం చెబుతోంది. ప్రభుత్వం ఆ వస్తువులను తానే తీసుకోదలిస్తే, లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. విశ్వవిద్యాలయ పండితులు ఆ నాణేలను పరిశీలించాలని మీ అర్జీలోనే కోరవచ్చు. అది మంచి కోరిక, తప్పక రాయండి. నాణేలు, విగ్రహాలు వంటి వందేళ్ళు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది. కాబట్టి కొంటామని వచ్చే బయటివారిని దగ్గరికి రానీయకండి.

దయచేసి నాణేలను చింతపండుతోగానీ, బూడిదతోగానీ తోమకండి. పైన ఉన్న మట్టి, కిలుము పోతే అక్షరాలు కూడా పోతాయి. ఖాళీ కుండను, పగిలితే దాని పెంకులను కూడా నాణేలతోపాటు అప్పగించండి. గుంతను పూడ్చేముందు అది ఎంత లోతులో, చేలో ఏ మూల దొరికిందో కొలిచి, పక్కన పార పెట్టి ఫోటో తీసి ఉంచండి. పండితులు మిమ్మల్ని మొట్టమొదట అడిగేది అదే.

ప్రశ్న: మ్యూజియంలో పనిచేయాలని ఉంది. ఏమి చదవాలి?
— ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

సమాధానం: మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ శాస్త్రం) అనే పేరుతో స్నాతకోత్తర కోర్సులు ఉన్నాయి. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1952లోనే ఈ శాఖను ప్రారంభించింది. కలకత్తా, బనారస్ విశ్వవిద్యాలయాలలోనూ ఈ చదువు ఉంది. పైగా అక్కడ సొంత మ్యూజియం పక్కనే ఉండటం మీకు లాభం. ఇంటర్ తరువాత చరిత్ర గానీ, రసాయనశాస్త్రం గానీ డిగ్రీలో తీసుకోండి. కంచు మీది కిలుమును, బూజు పట్టిన తాళపత్రాన్ని కాపాడే సంరక్షణ విభాగంలో రసాయనశాస్త్రం వచ్చినవారి కొరత ఎక్కువ. తెలుగు శాసనాల పాత లిపి ఇప్పటి నుంచే కొంచెం కొంచెంగా చదవడం నేర్చుకోండి. మన ప్రాంతపు సంగ్రహాలలో పనిచేసేవారికి అది రోజూ అవసరపడుతుంది.